స్టీరింగ్ బరువెక్కితే ముందు బోనెట్ ఎత్తుదాం

పోస్టు జర పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మన గ్రూపుల సీట్లు, స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్ల గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నం. కానీ చదువు మధ్యలో ఆగి, లోన్ మీద బండి తీసుకొని బతుకుతున్న అన్నలు ప్రతి గూడెంలో ఉన్నరు. ఈ పోస్టు వాళ్ల కోసం.

మా గూడేనికి ఒక్కటే బొలెరో, మా చిన్నాయనది. అంగడికి అదే, పత్తి ఏరే కూలీలకు అదే, రాత్రి నొప్పులొస్తే దవాఖానకూ అదే. వానలు తగ్గినంక దాని స్టీరింగ్ బరువెక్కింది. కెరమెరి ఘాట్ మలుపుల్లో భుజాలు గుంజుతున్నయని చిన్నాయన ఫోన్ చేసిండు. శ్రీరాంపూర్ దిక్కు కిరాయికి వచ్చిన రోజు హాస్టల్ నుంచి ముగ్గురం పోయి కలిసినం. ఒక షెడ్డుల చూపిస్తే, బోనెట్ కూడా ఎత్తకుండనే "స్టీరింగ్ బాక్స్ పోయింది, మొత్తం మార్చాలె" అన్నరు. చెప్పిన రేటు రెండు నెలల కిస్తీ అంత ఉంది.

మాలో ఒకడు ఐటీఐల మోటార్ మెకానిక్ చేసి డిగ్రీకి వచ్చినోడు. "ముందు మనం చూద్దాం" అన్నడు.

పని తీరు కష్టమైనదేం కాదు. ఇంజన్ బెల్టు ఒక పంపును తిప్పుతది. ఆ పంపు ఆయిల్‌ను ఒత్తిడితోని బాక్సులకు నెడితే, చక్రం తిప్పే బరువు ఆ ఆయిల్ మోస్తది. శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్టుల తిరిగే పెద్ద డంపర్లకు కూడా చక్రాలు తిప్పేది ఆయిల్ ఒత్తిడే. అమెరికాల ఫ్రాన్సిస్ డేవిస్ 1926లనే ఇది కారుకు పెట్టి చూపిస్తే, అమ్మే కార్లల్లకు 1951ల వచ్చింది. ఎడ్లబండికి కందెన పెట్టిన మన తాతలకు చెప్తే వెంటనే అర్థమయ్యే ముచ్చట.

ముందు టైర్ల గాలి చూసినం, అది తక్కువున్నా స్టీరింగ్ బరువైతది. గాలి సరిగనే ఉంది. డబ్బా మూత తీస్తే ఆయిల్ కింది గీతకన్నా కిందికి ఉంది. తిప్పుతుంటే పంపు కూస్తున్నది కూడా అందుకే, ఆయిల్ తక్కువై గాలి పోతున్నది. మరి ఆయిల్ ఎటు పోయింది? ఇక్కడ బొగ్గు దుమ్మే మాకు సాయం చేసింది. పైపులన్నీ పొడిగ ఉంటే, డబ్బాకు తిరిగొచ్చే పైపు మూతి దగ్గర మాత్రం దుమ్ము తడిసి నల్లగ ముద్ద కట్టింది. క్లిప్పు వదులైంది.

పగిలిన కొస కోసి, కొత్త క్లిప్పు బిగించి, బండి పుస్తకంల రాసిన రకం ఆయిలే పోసినం. ముందు చక్రాలు లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టి, ఇంజన్ ఆపి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగ తిప్పుతూ, తగ్గినకొద్ది పోస్తూ, బుడగలు ఆగేదాక గాలి తీసినం. స్టీరింగ్ తేలికైంది. అన్నిసార్లు ఇంత సులువుగ కాదు. బాక్స్ సీలే కారితే షెడ్డే దిక్కు, అప్పుడు కూడా సీల్ కిట్‌తోని అయితదా అని అడగండి.

దొరికిందని బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి, సీళ్లు పాడైతయి. స్టీరింగ్‌ను చివరిదాక తిప్పి అట్లనే పట్టుకోవద్దు, పంపు వేడెక్కుతది. కొత్త చిన్న కార్లు చాలా వాటికి కరెంటు మోటార్ ఉంటది, ఆయిల్ డబ్బానే ఉండదు. వాటిల లైటు వెలిగితే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడాలె.

అసలు భయమైన సంగతి ఇంకొకటుంది. డీజిల్ మిగులుతదని ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బంద్ చేసేటోళ్లు మనోళ్లల్ల చానమంది. ఇంజన్ ఆగితే పంపు ఆగుతది, మలుపుల స్టీరింగ్ రాయి అయితది, రెండు మూడుసార్లు తొక్కినంక బ్రేకు కూడా గట్టిపడతది. వెనుక పదిమంది కూసొని ఉంటరు. చిన్నాయన కూడా అట్లనే దిగేటోడు. బోనెట్ ఎత్తి బెల్టు చూపించి చెప్పినంక ఏం మాట్లాడలే. తాళం చెవి చేతుల పట్టుకొని చానసేపు నిలబడ్డడు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు మన బండ్లన్నీ నిండుగ పోతయి. అంతకు ముందటి ఆదివారం చిన్నాయన బండి మేము మళ్లీ చూస్తం. మీ గూడెం బండి మీరు చూడండి.