కళ్ళు తిరగడమా, తల తిరగడమా?

పిల్లలూ, మీలాగే మేమూ బదిలీల మీద ఊళ్ళు తిరిగేవాళ్ళమే. కొత్త ఊళ్ళో దిగగానే పాలెక్కడ, కూరలెక్కడ, బస్సెక్కడ అని అడుగుతాం. కళ్ళు తిరిగితే అక్కడి భాషలో ఏమంటారో మాత్రం ఎవరమూ అడగం.

ఆంధ్ర తీరంలోని ఒక ఊళ్ళో పనిచేసిన రోజుల్లో జరిగిందిది. జూలై ఉక్కపోత. ఉదయం ప్రార్థన వరుసలో ఆరో తరగతి పిల్లవాడు వెనక్కి తిరిగి "ముండ బులాఉఛి" అన్నాడు. ఒడిశా నుంచి వచ్చి వారం కాలేదు. వెనక నిలబడ్డ తెలుగువాళ్ళం అది తిట్టనుకున్నాం. "మాటలాపు, ముందుకు తిరుగు" అని గద్దించాం. తిరిగాడు. రెండు నిమిషాలకు కుప్పకూలాడు.

ఒడియాలో ముండ అంటే తల. తల తిరుగుతోందని చెప్పాడు పాపం. తమిళంలోనూ తిరిగేది తలే, మనకే కళ్ళు.

ఆ తర్వాత మేం చేసినవీ తప్పులే. చుట్టూ మూగాం. లేపి కుర్చీలో కూర్చోబెడితే తల మళ్ళీ వాలిపోయింది. నోట్లో నీళ్ళు పోయబోతుంటే ఆయమ్మ పరుగున వచ్చి గ్లాసు లాక్కుంది. "ముందు పడుకోబెట్టండి!" అంది.

కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి, మెదడుకు కాసేపు చాలదు. అందుకే స్పృహ తప్పుతుంది. పడుకుంటే తిరిగి తలకు చేరుతుంది. మేం కూర్చోబెట్టి దాన్నే అడ్డుకున్నాం. ఆయమ్మ వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, రెండు స్కూలు సంచుల మీద కాళ్ళెత్తి పెట్టింది. టై, బెల్టు వదులు చేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసి, మమ్మల్ని దూరం జరగమంది. పూర్తిగా తెలివి రాకుండా నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. వాంతి వచ్చేలా ఉంటే పక్కకు తిప్పాలి. నిమిషంలో తెలివి రాకపోయినా, ఊపిరి సరిగా లేకపోయినా, తలకు గట్టి దెబ్బ తగిలినా ఆలస్యం చేయకూడదు. 112కి ఫోన్ చేయాలి. మీ నాన్నగారికో అమ్మగారికో ఎక్కడికి బదిలీ అయినా ఆ నంబరు మారదు.

వాడు నిమిషం లోపే కళ్ళు తెరిచాడు. మమ్మల్ని చూసి మొదట అన్నమాట "సారీ". ఆ రోజు టిఫిన్ తినకుండా వచ్చాడని తర్వాత తెలిసింది.

చెమటలు పట్టి, చూపు మసకబారితే ప్రార్థన మధ్యలోనైనా సరే, ఎవరినీ అడగకుండా కింద కూర్చోండి. మేమేమీ అనం.

ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా మొదటి వారంలోనే, కళ్ళు తిరిగితే మీ ఇంట్లో ఏమంటారని అడిగి హాజరు పట్టీ వెనక రాసుకుంటున్నాం. మొన్న ఒకమ్మాయి గుజరాతీలో "చక్కర్ ఆవే ఛే" అని చెప్పింది. హిందీ వచ్చు గనక అది ఇట్టే తెలిసింది. మిజో పిల్లవాడొకడు అమ్మనడిగి రేపు చెబుతానన్నాడు.