కాఫీ మంచిదా అని అడిగితే, ముందు ఏం తిన్నావని అడగాలి

 కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

మాది పాడేరు నుంచి లోపలికి వెళ్లాల్సిన ఊరు. మా ఊళ్లో కాఫీ తోట లేని ఇల్లు వెతుక్కోవాలి. కాఫీ తాగే ఇళ్లు మాత్రం నాకు తెలిసి రెండే, అందులో ఒకటి బయటి నుంచి వచ్చిన టీచర్ గారిది. మాకు ఎకరంన్నర తోట ఉంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదకి పాకించిన మిరియాల పాదులు, ఆ నీడలో కాఫీ మొక్కలు. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే కొమ్మలన్నీ తెల్లగా పూసేస్తాయి. నవంబర్ నుంచి సంక్రాంతి దాటేదాకా పండ్లు ఏరడమే పని. స్కూల్లో ఉన్నప్పుడు నాకు సెలవులంటే నడుముకి బుట్ట కట్టుకోవడమే. ఏరిన పండ్లు పల్పర్‌లో వేసి తోలు తీసి, జిగురు పోయేదాకా ఉంచి, కడిగి ఆరబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్ముతాం. ఆ తర్వాత అది ఏమవుతుందో, ఎవరు తాగుతారో మాకు పట్టేది కాదు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశాలు దాటింది. మా నానమ్మ మాత్రం పొద్దున చోడంబలి తాగి తోటలోకి వెళ్తుంది, సాయంత్రం వచ్చి మళ్లీ అంబలే తాగుతుంది.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఆవిడే అడిగింది. "ఇన్నేళ్లు పండిత్తన్నాం గానీ, అది తాగితే ఒంటికి ఏటవుద్దే? మంచిదేనా?" కాలేజీలో చదువుతున్నది మా ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి ఇలాంటి ప్రశ్నలన్నీ నాకే వస్తాయి. బీఎస్సీ సెకండియర్ చదివితే డాక్టర్ అయిపోయినట్టే వాళ్ల లెక్క. నేను డాక్టర్ని కాదు. మా జువాలజీ మేడమ్‌ని అడిగి, లైబ్రరీలో చదివి, అర్థమైనంత రాస్తున్నాను. నానమ్మకి చెప్పిన జవాబు ఒకటి, మన హాస్టల్ వాళ్లకి చెప్పాల్సింది ఇంకొకటి. రెండూ ఎందుకు వేరో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ముందు మంచి మాట. కాఫీ విషం కాదు. ఒకప్పుడు మూత్రాశయం కాన్సర్‌కి కారణం కావచ్చన్న అనుమానపు జాబితాలో దాన్ని పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2016లో మళ్లీ అన్నీ చూసి, సరైన ఆధారం లేదని ఆ జాబితా నుంచి తీసేసింది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకి మంచిది కాకపోవచ్చని కూడా అప్పుడే చెప్పింది, అంటే తప్పు వేడిది, కాఫీది కాదు. ఇంకా, రోజూ ఒక మోస్తరుగా కాఫీ తాగేవాళ్లలో లివర్ జబ్బులు, షుగర్ తక్కువగా కనిపిస్తున్నాయని చాలా దేశాల అధ్యయనాల్లో తేలింది. కాఫీ వల్లే తగ్గాయని అంత గట్టిగా చెప్పలేం, తాగేవాళ్లలో తక్కువ కనిపించాయి అంతే. తాగితే నల్లబడతారన్నది ఉత్త మాట. మనల్ని చూసి ఆ మాట అనేవాళ్లకి వేరే జబ్బు ఉంది, అది ఇంకో పోస్టులో రాస్తాను.

కాబట్టి నానమ్మకి "మంచిదేనే, నువ్వు పండించింది ఎవరికీ చెడు చెయ్యట్లేదు" అని ధైర్యంగా చెప్పాను. ఆవిడ మొహం చూడాలి మీరు.

ఇక హాస్టల్ సంగతి. విశాఖ వచ్చాకే నాకు కాఫీ అలవాటైంది. మా దగ్గర పొద్దున ఆరున్నరకి కాఫీ ఇస్తారు, టిఫిన్ ఎనిమిదింపావుకి. బస్సు దొరకాలంటే ఎనిమిదికే గేటు దాటాలి. అందుకని సగం మంది కాఫీ తాగి, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని పోతారు. మధ్యాహ్నం దాకా కడుపులో ఇంకేమీ ఉండదు. పరీక్షలొస్తే రాత్రి పదికి, పన్నెండుకి ఫ్లాస్కులో వేడినీళ్లు, రెండు రూపాయల సాషే. కాఫీ తాగితే ఆకలి తెలీదు, నిద్ర రాదు. మా ఊళ్లో కలుపు తీసేటప్పుడు కూలికి వచ్చినవాళ్లు డికాక్షన్ టీ తాగి మధ్యాహ్నం గంజి దాకా నెట్టుకొచ్చేవాళ్లు, ఇదీ అదే పద్ధతి. అన్నం బదులు వేడినీళ్లన్నమాట.

ఎంత తాగొచ్చు అన్నదానికి లెక్క ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం, రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మి.లీ. కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. మన సాషే కాఫీ పేపర్ కప్పులో పోస్తే ఇంకా తక్కువే. అంటే రోజుకి మూడు నాలుగు తాగినా ఆ గీత దాటం. అందుకే "కాఫీ ఎక్కువైపోయింది" అని భయపడక్కర్లేదు. కానీ వేళ ముఖ్యం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువ. రాత్రి పదికి తాగితే తెల్లవారి మూడింటికి కూడా సగం లోపలే ఉంటుంది. పడుకున్నా లోతు నిద్ర పట్టదు, పొద్దున తల బరువుగా లేస్తాం, ఆ బరువు దించుకోవడానికి మళ్లీ కాఫీ. పరీక్షల నెలంతా మా ఫ్లోర్‌లో ఇదే నడుస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం మా రూమ్‌లో ఉండే అమ్మాయి.

తను మా పక్క మండలం అమ్మాయే. ఫస్టియర్ నుంచీ మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం. ఒకరోజు ల్యాబ్‌లో నిలబడి నిలబడి కూలబడిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7.9 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. విచిత్రం ఏంటంటే తను ఐరన్ మాత్రలు వేసుకుంటూనే ఉంది, నాలుగు నెలల నుంచి, ఒక్క రోజు తప్పకుండా. అక్కడి డాక్టరమ్మ కోప్పడలేదు, అడిగింది: "మాత్ర దేంతో వేసుకుంటున్నావమ్మా?" ఈ పిల్ల, "కాఫీతో మేడమ్, నీళ్లతో వేసుకుంటే వాంతొచ్చినట్టుంటుంది" అంది. తనకి ఎవరూ చెప్పలేదు. మాత్రలు ఇచ్చిన చోట షీట్ చేతిలో పెట్టి పంపేశారు, అంతే.

లోపల జరిగేది ఇది. కాఫీలో, టీలో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. అవి మనం తిన్న ఐరన్‌ని కడుపులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. ఇది కెఫీన్ పని కాదు, అందుకే కెఫీన్ తీసేసిన కాఫీ అయినా ఇంచుమించు అంతే. 1983లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, భోజనంతో పాటు కప్పు కాఫీ తాగితే ఒంటికి పట్టే ఐరన్ 39 శాతం తగ్గింది. టీతో అయితే 64 శాతం. "కాఫీ మానేసి టీ తాగుతా" అనేవాళ్లు ఈ అంకె రెండోసారి చదవండి. అదే ప్రయోగంలో, తిండికి గంట ముందు కాఫీ తాగితే ఏ నష్టమూ లేదు. తిన్న గంట తర్వాత తాగితే మాత్రం తిండితో పాటు తాగినంత నష్టమూ జరిగింది. పోషకాహార సంస్థ కూడా తిండికి ముందొక గంట, తర్వాతొక గంట టీ, కాఫీ వద్దంటుంది. నన్నడిగితే తిన్నాక రెండు గంటలు ఆగడం మేలు.

మాంసం, చేపల్లో ఉండే ఐరన్ మీద ఈ దెబ్బ తక్కువ. అన్నం, పప్పు, ఆకుకూర, చోళ్లలో ఉండేదాని మీద ఎక్కువ. మనం ఏం తింటాం? హాస్టల్లో వారానికి ఒకసారి కోడి, మిగతా అన్ని పూటలూ అన్నం, సాంబారే. ఆ సాంబారులోంచి వచ్చే కాస్త ఐరన్‌ని కూడా వెంటనే టీ పోసి కడిగేస్తున్నాం. నగరంలో మూడు పూటలా గుడ్డు, మాంసం తినేవాడికి భోజనం తర్వాత కాఫీ వల్ల పెద్దగా పోయేదేమీ ఉండకపోవచ్చు. మనకి పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, ఎస్టీ ఆడవాళ్లలో అంతకంటే ఎక్కువ. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర గుర్తుందా? కిటికీలోంచి విసిరేసినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. వేసుకున్నవాళ్లలో ఎంతమంది టీతో వేసుకున్నారో ఎవరూ లెక్క పెట్టలేదు.

మా రూమ్మేట్‌కి డాక్టరమ్మ చెప్పింది చాలా చిన్న మార్పు. మాత్ర రాత్రి పడుకునే ముందు, నిమ్మకాయ నీళ్లతో. కాఫీ కావాలంటే సాయంత్రం నాలుగున్నరకి. నిమ్మ, ఉసిరి, జామలో ఉండే సి విటమిన్ ఐరన్ పట్టడానికి సాయం చేస్తుంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే 10.6. కాఫీ మానలేదు తను, వేళ మార్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మనలో సికిల్ సెల్ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. రక్తం తక్కువ అనగానే ఐరన్ మాత్రలు మొదలెట్టడం వాళ్లకి సరిపడకపోవచ్చు, ముందు పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్తేనే వేసుకోవాలి. 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకి ఆ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు, చేయించుకోనివాళ్లు సెలవుల్లో వెళ్లండి. సికిల్ సెల్ ఉన్నవాళ్లు రోజంతా నీళ్లు బాగా తాగాలి. చదువుకునేటప్పుడు పక్కన కాఫీ ఫ్లాస్క్ ఉంటే నీళ్ల సీసా మర్చిపోతాం, అదీ గమనించుకోండి. ఇంట్లో వదినలు, అక్కలు కడుపుతో ఉంటే రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపే ఉండమని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్తుంది. అంటే చిన్న ఫిల్టర్ కాఫీ ఒకటి, మహా అయితే ఒక టీ. వాళ్లకి ఐరన్ మాత్రల విషయం ఇంకా ముఖ్యం.

సాషే కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. చాలా పొడుల్లో చికోరీ కలిపి ఉంటుంది, ఎంత శాతమో రాసి ఉంటుంది. చికోరీ విషమేం కాదు, అందులో కెఫీన్ కూడా ఉండదు. కానీ మన కొండల మీద పండేది అరబికా. ఇంటి నుంచి వచ్చేటప్పుడు కిలో గింజలు వేయించి పట్టించుకుని తెచ్చుకుంటే ఏడాదిలో సగం నడుస్తుంది. ఈసారి నేను తెచ్చాను. నానమ్మ పెనం మీద వేయిస్తే కొంచెం మాడింది, అయినా సాషే కంటే నయం.

మా హాస్టల్ మెస్ కమిటీలో ఒక అర్జీ పెట్టాం. పొద్దున ఆరున్నర కాఫీ తీసేసి, ఆ వేళకి చోడంబలి గానీ, ఉడికించిన శెనగలు గానీ పెట్టమని, కాఫీ సాయంత్రానికి మార్చమని. అంబలి అంటే కొంతమంది నవ్వారు, ఊళ్లో రోజూ తాగినవాళ్లే. వార్డెన్ గారు చూస్తామన్నారు. ఇరవై ఆరు మంది సంతకాలు పెట్టారు, ఇంకో పదిహేను కావాలి.

మీ హాస్టళ్లలో కాఫీ, టీ ఏ వేళకి ఇస్తున్నారు, టిఫిన్ ఏ వేళకి, ఐరన్ మాత్రలు ఎవరు ఇస్తున్నారు, దేంతో వేసుకోమంటున్నారు, కింద రాయండి. నాలుగైదు హాస్టళ్ల వివరాలు ఒకచోట ఉంటే మా అర్జీకి జత చేస్తాం.