గుణింతమూ కావాలి, ఆటా కావాలి

'మొక్కై వంగనిది మానై వంగునా' అని పెద్దలు అంటారు. చిన్నప్పుడే క్రమశిక్షణతో నేర్చుకోవాలని దాని అర్థం. నిజమే. కానీ మొక్కను మరీ వంచితే విరిగిపోతుంది కదా!

మా కె.జి.ఎఫ్.లో ఒకే వీధిలో తెలుగు, కన్నడం, తమిళం వినిపిస్తాయి. మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం. చదవడం, రాయడం మాత్రం అవ్వకూ నాకే వచ్చు. తమ్ముడు కన్నడ బడిలో రెండో తరగతి. సాయంత్రం అవ్వ వాడికి తెలుగు నేర్పుతుంది. ఈ రెండు లిపులూ అక్కచెల్లెళ్లలాంటివి. తలకట్టు దగ్గర ఒక తేడా: కన్నడంలో అడ్డంగా, తెలుగులో టిక్కు మార్కులా ఉంటుంది. వాడు రెండూ కలిపేస్తాడు. అందుకే అవ్వ ప్రతి గుణింతం పదిసార్లు రాయిస్తుంది. "ఆడుకుంటూ అదే వస్తుందిలే, వదిలెయ్ అత్తా" అంటాడు మామ. ఒకరోజు వాడు పలక పక్కన పెట్టి "నాకు తెలుగు వద్దక్కా" అనేశాడు. నాకు భయం వేసింది. అవ్వ రాసుకున్న పాటల నోటుబుక్కు చదివేవాళ్లు నా తర్వాత ఇంట్లో ఎవరుంటారు?

సంగీతంలో దీనికి దారి ఉంది. పురందరదాసు ఏర్పరచిన పాఠాలు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతో మొదలవుతాయి. స్వరాలు ఏడే, కానీ ఒక్కో వరసలో ఒక్కో అల్లిక. ఆ సాధన గట్టిపడ్డాకే మనోధర్మంతో పాడగలరు. మన జిల్లా ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి. గుండప్పగారు 'మంకుతిమ్మన కగ్గ'లో 945 పద్యాలు రాశారు. అన్నీ నాలుగు పాదాలవే. హద్దు ఉన్నా ఆలోచన ఆగలేదు.

అందుకని అవ్వతో మాట్లాడి, పదిసార్లను ఐదు చేయించాను. తర్వాత ఆ గుణింతంతోనే వాడు సొంతంగా ఏదైనా రాయాలి. 'క' గుణింతం రోజు వాడు "కాకికి కొక" అని రాసి, చీర కట్టిన కాకి బొమ్మ వేశాడు. అవ్వ నవ్వి, "కొక అంటే ఏమిట్రా?" అంది. వాడు ఒక్క క్షణం చూసి, తనే చెరిపి "కోక" అని దిద్దాడు. దీర్ఘం లేకపోతే కాకికి చీర లేదని వాడికి అర్థమైంది!

నియమం లేకపోతే వాడి తమాషా మనకు అర్థం కాదు. తమాషా లేకపోతే వాడు నియమం దగ్గర నిలబడడు. ఇప్పటికీ కొన్ని రోజులు సణుగుతాడు. కానీ పలక మాత్రం తనే తెస్తాడు. మిత్రులారా, మీ ఇంట్లో చిన్నవాళ్లకు తెలుగు నేర్పితే రాయించండి, దిద్దించండి. చివర పది నిమిషాలు మాత్రం వాళ్లకే వదిలేయండి.