ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి. పోయిన నెల మా హాస్టల్‌లో జరిగిన సంగతి ఇది. ఇందులో మా తప్పు కూడా ఉంది. దాచకుండా రాస్తున్నాం.

మేం నలుగురం ఒకే రూం. ముగ్గురం గోండు, ఒకరు కొలాం. నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన ఏడాది తలా కొంత వేసుకుని 3,500 రూపాయలకు ఒక పాత డెస్క్‌టాప్ కొన్నాం. దాంట్లో డెబియన్ 12 ఎక్కించి, వార్డెన్ సార్‌ను అడిగి స్టడీ హాల్ మూలన పెట్టుకున్నాం. ఒక వైఫై రౌటర్ తగిలించాం. నెట్ బ్యాలెన్స్ లేకపోయినా ఫోన్ కనెక్ట్ చేస్తే చాలు, పాత క్వశ్చన్ పేపర్లు, సీనియర్ల నోట్సు, కివిక్స్‌లో తెలుగు వికీపీడియా అన్నీ వస్తయి. 2018లో యూనికోడ్‌లోకి వచ్చిన గుంజాల గోండి లిపి ఫాంటు కూడా పెట్టాం.

అన్నింటికంటే ముఖ్యమైనది 'పెద్దలు' అనే ఫోల్డర్. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చినవి అందులో ఉన్నాయి. తోటి పెద్దలు కిక్రి వాయిస్తూ చెప్పిన కథలు, పెళ్లిళ్లలో పాడే గోండి పాటలు. 2024 అక్టోబరులో గుస్సాడి కనకరాజు గారు పోయిన వార్త విన్న రోజు, మన ఊరి పెద్దల గొంతులైనా దాచుకోవాలని అనుకుని మొదలుపెట్టిన పని అది. మా అవ్వ పాడిన పదకొండు పాటలు కూడా అందులోనే ఉన్నాయి. అవ్వ ఈ ఎండాకాలంలో పోయింది. ఫోన్ మెమొరీ నిండిందని, సర్వర్‌లో ఉన్నయి కదా అని, ఫోన్‌లో ఉన్నవి అప్పటికే తీసేశాం.

సెమిస్టర్ పరీక్షలకు వారం ఉంది. ఒక రాత్రి అప్‌డేట్లు వచ్చాయని చూపిస్తే కొట్టేశాం. మధ్యలో ఎర్రర్ లాంటిదేదో కనిపించింది. చదవలేదు. రీస్టార్ట్ చేశాం. మళ్లీ లేవలేదు.

ల్యాబ్ నుంచి మానిటర్ అడిగి తెచ్చి తగిలిస్తే, నల్ల స్క్రీన్ మీద 'కెర్నల్ పానిక్' అని ఉంది. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకడం లేదంటోంది. మా గుండె జారిపోయింది. రూట్ దొరకలేదంటే డిస్క్ పోయిందనే అనుకున్నాం. తెలిసిన సీనియర్‌కు ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించుండ్రి రా, గంట పని" అన్నడు. పెన్‌డ్రైవ్ కూడా పెట్టేశాం.

అప్పుడు మాలో చిన్నోడు, ఆ కొలాం తమ్ముడు, చెయ్యి అడ్డం పెట్టిండు. "ఆగు అన్న. ఫార్మాట్ కొడితే అవ్వ పాటలు పోతయి కదా. పొద్దున చూద్దాం." ఆ రాత్రి ఎవరం సరిగ్గా పడుకోలేదు.

పొద్దున ఆ ఎర్రర్‌ను ఫోటో తీసుకుని, చివరి లైన్ అక్షరం అక్షరం టైప్ చేసి వెతికాం. అప్పుడు సమజైంది. డిస్క్‌కు ఏమీ కాలేదు. కెర్నల్‌కు డిస్క్ తలుపు తీసిపెట్టే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైల్ ఉంటది. కొత్త కెర్నల్‌కు ఆ ఫైల్ తయారు కాలేదు. ఎందుకంటే కెర్నళ్లు ఉండే బూట్ అనే చిన్న భాగం పాత కెర్నళ్లతో నిండిపోయింది. ఆ రాత్రి మేం చదవని ఎర్రర్ అదే, జాగా లేదని.

ఇంకో సంగతి తెలిసింది. డెబియన్ కొత్త కెర్నల్ వేసినంత మాత్రాన పాతదాన్ని వెంటనే తీసెయ్యదు. మిషన్ ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే గ్రబ్ మెనూ వచ్చింది. కొన్ని మిషన్లలో ఎస్కేప్ నొక్కాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోతే నాలుగు కెర్నళ్లు కనిపించాయి. పై నుంచి రెండోది ఎంచుకున్నాం. అర నిమిషంలో లాగిన్ వచ్చింది. స్టడీ హాల్‌లో అరిచిన అరుపుకు వాచ్‌మన్ అన్న ఉరికొచ్చిండు.

రిపేర్ తర్వాత, ముందు 'పెద్దలు' ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. అవ్వ పాట ఒకటి పెట్టి విన్నాం. వెనకాల కోడి కూత, మధ్యలో అవ్వ దగ్గు, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతే మిగతా పని. యూనేమ్ కమాండ్‌తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో చూసి, దాన్ని ముట్టకుండా బాగా పాతవి రెండు తీసేశాం. సగంలో ఆగిన ప్యాకేజీలను డీపీకేజీతో పూర్తి చేయించాం. కొత్త కెర్నల్‌కు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ తయారు చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టాం. మామూలుగా లేచింది.

ఇంటికి ఫోన్ చేసి బాపుకు చెప్పాం. సర్వర్ అంటే ఏందో ఆయనకు తెలియదు. కానీ పాతది ఉంచినందుకే బతికిందని చెప్తే, "కొత్త ఇత్తనం ఏసినా, అది మొలిచేదాక పాత జొన్నలు గుమ్మిల ఉంచుతం గదా" అన్నడు. మేం వారం కష్టపడి నేర్చుకున్నది ఆయనకు ముందే తెలుసు.

మాకు అర్థమైంది ఇంతే. సిస్టమ్ పడిపోయినంత మాత్రాన అందులో ఉన్నవి పోయినట్టు కాదు. చాలాసార్లు పోగొట్టేది క్రాష్ కాదు, భయపడి మనం కొట్టే ఫార్మాట్. కానీ అదృష్టం మీద ఆధారపడకూడదు. డిస్కే పోయి ఉంటే ఏ కెర్నల్ కూడా అవ్వను తిరిగి ఇచ్చేది కాదు. ఒకే కాపీ ఉంది అంటే లేనట్టే అనుకోండి. అప్‌డేట్ కొట్టే ముందు కాపీ తీసుకోండి, బూట్‌లో జాగా ఉందో చూసుకోండి, ఎర్రర్ వస్తే చదవండి.

ఇప్పుడు మా దగ్గర మూడు కాపీలు ఉన్నాయి. ఒకటి సర్వర్‌లో, ఒకటి రూంలోని హార్డ్‌డిస్క్‌లో, మూడోది మెమొరీ కార్డులో ఊర్లో ఉంది. అమ్మ ఆ కార్డును బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టుకుని పొద్దున వంట చేస్తూ వింటోందట. మొదటి రోజు విని ఏడ్చిందని చెల్లి చెప్పింది. ఇప్పుడు కలిసి పాడుతోందట.

మీ ఫోన్లలో కూడా ఇట్లాంటి గొంతులు ఉంటయి. ఈ రోజే ఇంకో చోట కాపీ చేసిపెట్టండి. ఎట్లనో తెలియకపోతే కింద అడగండి, మాకు తెలిసినంత చెప్తాం.