మరిపెడ చెరువు, గాజుతొట్టి

వరంగల్లునుండి ఖమ్మమునకు బోవు రహదారిమీద వర్ధన్నపేట, తొర్రూరు, దంతాలపల్లి దాటిన పిమ్మట మరిపెడ వచ్చును. బస్సువారు దీనిని మరిపెడ బంగ్లా యనియే పిలుతురు. ఒకప్పు డిది వరంగల్లు జిల్లాలోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మహబూబాబాదు జిల్లా యేర్పడినపుడు అందులో జేరినది. మా చెల్లెలి కాపురము అచ్చటనే. గడచిన భాద్రపదమాసమున దానిని జూచుటకు బోయి నాలుగు దినము లుంటిని. చూడబోయినది చెల్లెలిని, వ్రాయవలసివచ్చినది చేపలనుగూర్చి.

ఊరి చుట్టును వరి, ప్రత్తి, మిరప చేలు. నడుమనడుమ లంబాడీ తండాలు. ఖమ్మము వైపునకు గొంతదూరము పోయినచో ఆకేరు అడ్డము వచ్చును. ఇది తీర్థాలకడ మున్నేటితో గలియును; మున్నేరు కృష్ణలో గలియును. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆకేరు పొంగి పురుషోత్తమాయగూడెము వంతెనకడ రహదారిని మ్రింగి, మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచివైచిన సంగతి సోదరీమణులు పత్రికలలో జదివియే యుందురు. ఆ మాట యెత్తినచో మా చెల్లెలికి నేటికిని గొంతు తడబడును. అట్టి వరద వచ్చినపు డే గుంటలోని చేప యే చెరువున దేలునో యెవరును జెప్పజాలరు. ఈ సంగతి మున్ముందు పనికివచ్చును గనుక ఇచ్చట జెప్పియుంచితిని.

చెల్లెలి యింట ముందరిగదిలో బల్లమీద నొక గాజుతొట్టి కలదు. అందులో అంగడిలో గొన్న బంగారుచేపలు నాలుగు తిరుగుచుండెను. అడుగున రాతి కంటుకొని, ఒడలెల్ల గట్టి పలకలతో గవచము దొడిగినట్లున్న నల్లని చేప యొకటి పడియుండెను. బల్లక్రింద నొక మట్టిబాన. దానిలో కుంకుమపువ్వు రంగున, వ్రేలిగోరంత పిల్లలు నలుబదో యేబదో గుంపుగూడి గిరగిర దిరుగుచున్నవి. చెల్లెలి కుమారుడు ఏడవ తరగతి చదువుచున్నాడు. వాడు బానమీది మూత దీసి గర్వముతో, "పెద్దమ్మా, ఇవి కొన్నయి గావు. మన చెరువుల నేనే పట్టిన" అనెను.

ఈ బాన యింటిలో నప్పటికే తగవు పెట్టియుండెను. మా మరిదిగారి మతమున అంగడి చేపలు తొట్టిలో బుట్టి తొట్టిలో బెరిగినవి గనుక వానికి చెరువన నేమో తెలియదు, తెలియనిదానికై బెంగ యుండదు. స్వేచ్ఛగా దిరుగువానిని బట్టి తెచ్చుటయే తప్పు. మా చెల్లె లందులకు, "కూరకు కిలోలకు కిలోలు తెచ్చినప్పుడు లేని తప్పు, చూసుకునేటందుకు పెంచితే వచ్చిందా?" అనెను. పిల్లవాడు మూడవ మార్గము గనిపెట్టినాడు. నల్లచేప జానెడు దాటి పెరిగినది గదా, దానిని చెరువులో విడిచిపెట్టిన బుణ్యము వచ్చును, దాని జాగాలో ఈ యెఱ్ఱపిల్లలను బెట్టవచ్చును అని. ముగ్గురును నావంక జూచిరి. నాకు వెంటనే యేమియు దోచలేదు. రేపు చెప్పెదనని తప్పించుకొంటిని.

మరునాడు ప్రొద్దుననే పిల్లవానిని వెంటబెట్టుకొని చెరువుకట్ట కేగితిని. నిండుచెరువు. తూముప్రక్క తుంగలో వల సరిచేసికొనుచున్న వృద్ధు డొక డుండెను. బానలోని పిల్లలమాట చెప్పగానే యాతడు నవ్వి, కొంతదూరమున నీటిమీద నొకచోటు జూపెను. అచ్చట నీరు పప్పు తుకతుక నుడుకునట్లు కదలుచుండెను. అది మరియొక యెఱ్ఱపిల్లల గుంపు. "అవి కొర్రమట్ట పిల్లలు బిడ్డా. గుంపు కింద తల్లి ఉంటది. కప్ప దగ్గరికొచ్చినా మీదికి దుముకుతది" అనెను.

కొర్రమీను తెలంగాణ ప్రభుత్వమువారు రాష్ట్రపు చేపగా స్వీకరించినది. నీటిలో నున్నను పైకివచ్చి గాలి పీల్చనిదే బ్రదుకజాలదు. వానకాలమున లోతు తక్కువైనచోట గడ్డిని ద్రోసి గుండ్రముగా జాగాచేసి గ్రుడ్లు పెట్టును. అవి నీటిపై దేలును. గ్రుడ్లు పగిలి పిల్లలైనది మొదలు వాని యెఱుపు మాసి తల్లిరంగు వచ్చువరకు పెద్దచేపలు కావలి యుండును. వేటకాండ్రకును ఈ రహస్యము తెలియును. ఎఱ్ఱగుంపు కనబడినచో దానిక్రింద కావలిచేప యున్నదని గురిపెట్టుదురు. "దాన్ని తీస్తే ఇగ పిల్లల్ని పరకలు గూడ తింటయి" అని యా వృద్ధుడు చెప్పినపుడు మావాని మొగము చిన్నబోయినది.

మా చెల్లెలి ప్రశ్నకు నా కచ్చట జవాబు దొరకినది. ఎదిగిన చేప నొకదానిని గూరకు దెచ్చుట వేరు. చూచుటకు ముద్దుగా నున్నవని యొక కాన్పునంతయు నెత్తుకొనివచ్చుట వేరు. ఇది మరిపెడ పిల్లవాని తప్పు మాత్రమే కాదు. పడమటి కనుమల సెలయేళ్లలో ఎఱ్ఱచార గల యందమైన చేప యొకటి కలదు. 1865లో ఫ్రాన్సిస్ డే యను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి, నాటి చెన్నపట్నపు గవర్నరు డెనిసన్ దొరపేరు పెట్టెను. నేడు వర్తకులు మిస్ కేరళ యందురు. పరదేశములలో గిరాకి పెరుగుటచే సెలయేళ్లలో దానిసంఖ్య క్షీణింపగా, కేరళ ప్రభుత్వము 2008లో దానిని బట్టుటకు నిబంధనలు విధించినది. 2005 మొదలు 2012 వరకు మన దేశమునుండి, వినాశనపు టంచున నున్న 30 జాతుల మంచినీటి చేపలు 15 లక్షలకు పైగా ఎగుమతియైనవని పరిశోధకులు లెక్కగట్టిరి. పిమ్మట ఈ మిస్ కేరళను తొట్లలో బొదిగించుట సాధ్యమైనది. ఇట్టి జాతి విషయమున తొట్టిలో బుట్టినదానినే కొనుట మేలనుటకు సందేహ మక్కరలేదు.

అయితే మా మరిదిగారు గెలిచినట్లేనా? కాదు. బ్రెజిల్ దేశమున రియో నీగ్రో నదీతీరమున బార్సిలోస్ అను నూరివారు తరతరములుగా కార్డినల్ టెట్రా యను చిన్నచేపను బట్టి యమ్ముకొనియే జీవించిరి. ఎండకాలమున నీరు తీసినపుడు ఆ చేపలు ఎట్లును వేలకొలది చచ్చిపోవును. పట్టుటవలన జాతికి గీడు రాలేదు. నది బాగుండిననే బువ్వ గనుక వారు అడవిని గాపాడుకొనిరి. ఇతర దేశముల తొట్లలో నదే చేపను బొదిగింప మొదలిడగా వీరి వ్యాపారము సన్నగిల్లినది. అడవి నరకని జీవనోపాధి నిలుపుటకై అచ్చట ప్రాజెక్ట్ పియాబా యను ప్రయత్నము నడచినది. కాబట్టి నదిలో బట్టినంత మాత్రాన బాపమనియు, తొట్టిలో బుట్టినంత మాత్రాన నిర్దోషమనియు జెప్పుటకు వీలులేదు.

ఇక తొట్టిలో బుట్టినవి. బంగారుచేపను చీనావారు వేయేండ్లుగా బెంచుచున్నారు. మన ప్రక్కన చెన్నపట్నపు కొళత్తూరులో నింటింట సిమెంటు తొట్లలో రంగుచేపలను బొదిగింతురు. స్త్రీలు సైత మీ పనిచేసి నాలుగు రాళ్లు సంపాదించుకొనుట సంతోషమే. కాని మనుష్యుని వేడుక యెంతకైనను బోవును. కన్నులక్రింద నీటితిత్తులు వ్రేలాడి యీదుటకే కష్టపడు బంగారుచేపలను గోరి గోరి పుట్టించిరి. మన నీళ్లలోనే దొరకు గాజువంటి పారదర్శకపు చిన్నచేపకు సూదితో రంగెక్కించి యమ్మినవారును గలరు. తెలియనిదానికి బెంగ లేదని మరిదిగారనిరి. చెరువుకై బెంగ లేకపోవచ్చును, ఊపిరాడకపోవుట మాత్రము తెలియును. నిండుకుండంత గాజుబుడ్డిలో బంగారుచేప తన మలమూత్రములనుండి పుట్టు విషములోనే తాను మునిగి గిలగిల కొట్టుకొనును. దాని పుట్టు వెక్కడనో యడిగి యేమి ప్రయోజనము?

పిల్లవాని పుణ్యమే యన్నిటికంటె నన్ను భయపెట్టినది. ఆ నల్లచేప దక్షిణామెరికా నదులది. తొట్టి గోడలకు బట్టిన పాచి నాకునని, వ్రేలెడుదానిని జూపి యమ్ముదురు. అది మూరెడు వరకు బెరుగును. పెరిగినపిమ్మట జాలిపడి చెరువులో విడుతురు. అచ్చట గట్లలో బొరియలు త్రవ్వును, వలలు చింపును, తక్కిన చేపల మేతను దాను దినును, కొనువారు లేరు. మన జాలరు లిప్పటికే దీనిని దెయ్యపుచేప యని తిట్టుచున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో గలిసియుండు డి.ఎన్.ఏ. జాడలను బరీక్షించి, తూర్పుకనుమల జలాశయములలో నూటికి 60 వంతున ఇది వ్యాపించెనని తెలిపిరి. మరిపెడ చెరువులో నొకటి రెండు పడినచో, మరియొక వరదకు ఆకేరు, మున్నేరు, కృష్ణ వరకును దారి తెరచియే యున్నది. ఈ సంగతి చెప్పగా ఆ వృద్ధుడు పిల్లవానివంక జూచి, "అది మాత్రం తేకు నాయనా" అని చేతులు జోడించెను. పండ్రెండేండ్ల బాలునికి!

ఇల్లు చేరగానే బానను మోసికొని మరల తూముకడకు బోయితిమి. బానలో చెరువునీరే యుండెను. అంగడి చేపల నీరు కలియలేదు గనుక వాని తెగుళ్లు చెరువున కంటునను భయము లేకపోయినది. రాత్రి పదునొకండు పిల్లలు చనిపోయియుండెను. మిగిలినవానిని బట్టినచోటనే మెల్లగా వదలితిమి. అవి కొంచెముసేపు చెదరి మరల గుంపుగూడినవి. క్రింద కావలిచేప కనబడలేదు. "వస్తదా తాతా?" అని మావా డడిగెను. "ఉంటే వస్తది" అనెను వృద్ధుడు. ముందటిదినమున నాచోట నెవరైన గాలము వేసిరో లేదో నే నడుగలేదు. ఎండ నెత్తికెక్కువరకు పిల్లవాడు కట్టమీద గూర్చుండెను, పిలిచినను రాలేదు.

నల్లచేపకు పెరటిలోని పెద్ద సిమెంటు గోలెము ప్రాప్తించినది. అది పదేండ్లకు పైగా బ్రదుకునని నేను జెప్పగా మరిదిగారు నిట్టూర్చిరి. చెల్లెలు మాత్రము నన్ను ప్రక్కకు బిలిచి, "అక్కా, ధర్మం మీరందరు చెప్పిన్రు గని, దీని నీళ్లు మార్చేది నేనే గద" అనెను. అంగడివాడు గాని, ధర్మము జెప్పిన నేను గాని ఆ పని తలచుకొనియుండలేదు.

నేను బయలుదేరిన నాటి యుదయమున అది కొళాయినీటిని రెండు బకెట్లలో బట్టి, మందువాసన పోవుటకై యెండలో బెట్టుచుండెను. పిల్లవాడు దోసకాయముక్క నొకటి గోలెములో వేసెను. నల్లచేప అడుగునుండి మెల్లగా లేచివచ్చి దాని నంటుకొనినది. బస్సు కూత వినబడువరకు మువ్వురమును దానినే చూచుచు నిలుచుంటిమి.