ఎనిమిది పౌన్ల ఆశ

మా ఇంటి గూట్లో నీలం అట్ట నోటుబుక్కు ఒకటుంది. మొదటి పేజీలో ‘బేసు గిటారు, అంచనా 18,000’ అని నా చేతిరాత. చివరి పేజీలో మా ఆవిడ చేతిరాతలో ఒక మొత్తం. మధ్యలో ఉన్నదంతా పద్నాలుగు నెలల ఖర్చు.

నేను మండపేటలో రైసుమిల్లు గుమస్తాని. ఇరవయ్యేళ్లకు పైగా ఊళ్లోవాళ్ల ధాన్యం, నూక, తవుడు లెక్కలు పైసాతో సహా రాస్తున్నవాణ్ని. అంతకు ముందు, పెళ్లికాని రోజుల్లో, ఆర్కెస్ట్రాలో బేసు వాయించేవాణ్ని. కోనసీమ తీర్థాలు, వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు. గిటారు ట్రూపు యజమానిది, వేళ్లు మాత్రమే నావి. కొన్నాళ్లకు కీబోర్డు వాయించేవాడి ఎడమచెయ్యే బేసు పని చేసేసింది. ఆ తర్వాత రికార్డు చేసిన ట్రాకులు వచ్చాయి. బేసువాడికి భోజనం ఖర్చు దండగ అనిపించింది వాళ్లకి. నిజమే మరి, నేను యజమానినైనా అదే లెక్క వేసేవాణ్నేమో.

నలభై ఏడో ఏట మళ్లీ కోరిక పుట్టింది. ఈసారి నాదంటూ ఒకటి ఉండాలి, అదీ సగం బోలుగా ఉండే బేసు. నిండు చెక్కతో చేసినది గంటసేపు మెళ్లో వేసుకుంటే నా కుడి భుజం ఒప్పుకోదు. పూర్తిగా బోలుగా ఉన్నది స్పీకరు ముందు నిలబడితే తన మోత తనే విని కూతపెడుతుంది. అందుకని 1958లో గిబ్సన్ కంపెనీ వాళ్లు మధ్యేమార్గం పట్టారు. నడుమ ఒక దిమ్మ, అటూ ఇటూ బోలు. గిటారుకు ఈఎస్-335 అని, బేసుకు ఈబీ-2 అని పేరు పెట్టారు. అరవై అయిదేళ్లు గడిచినా ఆ సూత్రం మారలేదు, ధర మారింది.

2023 ఉగాది వెళ్లాక రాజమండ్రిలో ఒక దుకాణానికి వెళ్లాను. 48,500 అన్నాడు. నా మొహం చూసి, ‘వడ్డీ లేని వాయిదాలున్నాయండి, నెలకి 4,042 చొప్పున పన్నెండు నెలలు, ఫీజు ఒక్క వెయ్యి’ అన్నాడు. రొక్కమిస్తే ఎంతకిస్తావని అడిగాను. కొంచెం ఆలోచించి, 45 వేలకి ఇచ్చేస్తానన్నాడు.

గుమస్తా బుర్ర అక్కడే మేల్కొంది. వడ్డీ లేకపోతే ఆ 3,500 ఏమిటి? నా దగ్గర 45 వేలు ఉంటే వస్తువు నాది. లేకపోతే 49,500. అప్పు నెలనెలా తరుగుతూ వస్తుంది కాబట్టి, ఫీజు కూడా కలిపి లెక్క కడితే నూటికి నెలకి రూపాయిన్నర కాస్త దాటింది. మా వీధి షావుకారూ అదే వడ్డీకిస్తాడు, కాకపోతే అతను వడ్డీని వడ్డీ అనే అంటాడు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, దాన్ని ఫీజుల్లోనో ధరలోనో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. దశాబ్దం గడిచినా ‘వడ్డీ లేని వాయిదాలు’ అనే బోర్డు ప్రతి దుకాణంలోనూ వేలాడుతూనే ఉంది.

ఇంకో చిన్న విషయం. ఆ 48,500లో సుమారు 7,400 జీఎస్టీ. చేత్తో చేసిన దేశీ వాద్యం గనక వీణకు పన్ను లేదు, గిటారుకు 18 శాతం. అప్పట్లో నేను లెక్కలు చూసే ఎరువుల కొట్టువాడు తను కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటాడు. ఇంటి మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఊళ్లోవాళ్ల రిటర్నులు వేసే నాకు ఇది కొంచెం ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

రొక్కంగా నా దగ్గర ఇరవై వేలున్నాయి. మిగతాది పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో ఉంది, అది పిల్ల కాలేజీ ఫీజు. దాని జోలికి వెళ్లదలచుకోలేదు. అప్పూ వద్దనుకున్నాను. అంతవరకు నా బుద్ధి సరిగానే పనిచేసింది. చెడగొట్టింది బ్రయన్ మే కథ.

బ్రిటన్ రాక్ బృందం క్వీన్‌లో గిటారు వాయించే ఈయన 1963లో, కుర్రవాడుగా ఉన్నప్పుడు, కొనే స్తోమత లేక తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చెయ్యడం మొదలుపెట్టాడు. మెడకి పాత కాలపు పొయ్యిగూటి చెక్క. స్ప్రింగులు పాత మోటారుసైకిలువి. మెట్ల మధ్య చుక్కలు వాళ్లమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. అదీ సగం బోలుదే. రెండేళ్లు పట్టింది, ఎనిమిది పౌన్లయింది అంటారు. 2002లో బకింగ్‌హాం ప్యాలెస్ కప్పు మీద నిలబడి ఆయన వాయించింది ఆ గిటారునే. ఎనిమిది పౌన్లు అన్న మాట నా చెవిలో పడ్డాక ఇంకేదీ వినిపించలేదు.

మాకూ ఒక పాత చెక్క ఉంది. తాతల మండువా ఇల్లు పడగొట్టినప్పుడు దూలాలు వాటాలు వేసుకుంటే నాకొక టేకు దూలం వచ్చింది. పెరట్లో రేకుల కింద పడుకుని ఉంది. నోటుబుక్కు మొదటి పేజీలో చెక్క అని రాసి, ఎదురుగా సున్నా చుట్టాను. బిరడాలు, గుర్రం, పికప్‌లు, తీగలు, మెట్ల తీగ, పాలిష్, ఇతరత్రా అన్నీ కలిపితే 17,900. పైకి సరిచేసి పద్దెనిమిది వేలు.

బిరడాలు, గుర్రం అన్నానంటే, అవి వీణ మాటలు. వీణకి మెట్లుంటాయి, గిటారుకి ఫ్రెట్లుంటాయి, రెండూ ఒకటే. వీణకి దండి అయితే గిటారుకి మెడ. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ రేడియోలో వస్తే మా నాన్న పనాపి వినేవారు, ఆ మాటలు నాకలా వచ్చాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి కలిపి ఏకాండీ వీణ చేస్తారు. నేను గిటారు రెక్కలకి పనస చెక్క వాడదామనుకున్నది ఆ తోవలోనే. పనస తేలిక, తొలిచితే తొందరగా పగలదు, పసుపు రంగు చూడ్డానికి బాగుంటుంది. నడుమ దిమ్మకి మాత్రం దూలం.

దూలాన్ని కోత మిల్లుకి తీసుకెళ్లిన రోజు ఒక పాత కలప వ్యాపారి చూసి ఆరు వేలిస్తానన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నాకు కావలసింది మూడడుగులే. మధ్యలోంచి కోసేశాక మిగిలిన ముక్కలకి ఎవరూ ధర చెప్పలేదు.

ఆదివారాలు పని. మా వీధి చివర వడ్రంగి మేస్త్రీ నాకు చిత్రిక పట్టడం నేర్పించాడు. రెండు రోజుల కూలీ 2,200 తీసుకుని, తర్వాత కూలీ లేకుండా ఎన్నోసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా తాపేశ్వరం కాజా పొట్లం ఇచ్చేవాణ్ని. ఆ కాజాలు పద్దులో లేవు.

అసలు దెబ్బ పనిముట్ల దగ్గర తగిలింది. చెక్క తొలిచే రౌటరు మిషను 4,900. దానికి బ్లేడు ముక్కలు వేరే. క్లాంపులు నాలుగు చాలనుకున్నాను. వంపు తిరిగిన అంచు అతికించడానికి కూర్చున్నాక పన్నెండైనా సరిపోలేదు. మెట్ల గాట్లు కోసే సన్న రంపం, మెట్లు రాసే ఆకురాయి. మొత్తం 14,600. మొదటి పేజీలో పనిముట్లకి నేను వేసుకున్నది, ఇతరత్రా అన్న రెండు వేలే. పరాయి మిల్లులో మిషను కొంటే తరుగుదలతో సహా రాసేవాణ్ని, సొంత ఇంటికొచ్చేసరికి పనిముట్లు ఆకాశం నుంచి రాలతాయనుకున్నాను.

తర్వాత మెడ. అడితిలో కొత్త టేకు ముక్క చవగ్గా దొరికిందని తెచ్చాను. జ్యేష్ఠంలో కోసి, గొట్టంలా సాఫు చేసి పెట్టుకున్నాను. శ్రావణం వానలకి అది పాములా మెలితిరిగింది. మా డెల్టా గాలిలో నీళ్లెక్కువ, పచ్చి చెక్క ఆ నీళ్లు తాగుతుంది. మేస్త్రీ దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, ‘ఇది ఆరలేదండి గుమస్తా గారూ. మీ దూలం డెబ్బై ఏళ్లు ఆరింది కదండీ, అందులోంచే తీసుకోవాల్సింది’ అన్నాడు. తీసుకున్నాం. మూడు పట్టీలు కోసి, ఒకదాని చార ఒకదానికి ఎదురుగా తిప్పి అతికించాం. అది ఇప్పటికీ తిన్నగా ఉంది. మెలితిరిగినది బాత్రూములో తువ్వాళ్ల దండెమైంది. దండి కాబోయి దండెం! 2,200 రూపాయల దండెం మండపేటలో మా ఇంట్లో తప్ప లేదనుకుంటాను.

రెండో తప్పు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మెట్ల లెక్క సులువే. తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ దాంతోనే భాగిస్తే రెండోది. నాది ముప్పయ్యిన్నర అంగుళాల తీగ. మొదటి మెట్టు 1.71 అంగుళాల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 15.25 దగ్గర పడాలి. నేను ప్రతి మెట్టునీ దాని ముందు మెట్టు నుంచి కొలిచాను. వెంట్రుకవాసి తేడా ఒక్కోదానికీ కలిసి, పన్నెండో మెట్టు దగ్గరకొచ్చేసరికి బియ్యపు గింజంతయింది. ఆవర్జాలో ఒక పేజీ కింద మొత్తం తప్పు వేసి పై పేజీకి తెచ్చుకుంటూ పోతే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ప్రతి మెట్టూ తల దగ్గర నుంచే కొలవాలి. మెట్లు పొదిగే జిట్రేగి పలక ఒకటి, 1,500 రూపాయలది, పొయ్యిలోకి పోయింది.

పికప్‌లు విదేశం నుంచి తెప్పించాను. సుంకం, కొరియరు చార్జీ కలిపి వస్తువు ధరలో దగ్గర దగ్గర సగం పడింది. అంచనాలో ఆ వరస లేనే లేదు.

2024 జూన్ మొదటి ఆదివారం తీగలు ఎక్కించాను. అడుగు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఆ మోతకి దేవుడి గూట్లో గంట ఝుమ్మంది. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి నోటుబుక్కు తియ్యమంది.

సామాన్లు, పనస చెక్క, సుంకాలు కలిపి 23,400. పనిముట్లు 14,600. పాడైనవి 3,700. కోత కూలీ 900. మేస్త్రీ 2,200. పాలిష్ 2,600. మొత్తం 47,400. ‘చూశావా, షాపు ధర కంటే 1,100 తక్కువ’ అన్నాను.

‘రొక్కానికి 45 వేలన్నాడు కదండీ’ అంది.

అది సరే. 2,400 ఎక్కువే.

‘దూలానికి ఆరు వేలిస్తానన్నాడు కదా ఆయనెవరో. అది రాయలేదేం?’

రాశాను. 53,400. ఇంట్లో ఉన్నదానికి ధర ఉండదని నేననుకున్నాను. ఎదుటివాడు డబ్బు తీసి చూపించిన రోజునే దానికి ధర వచ్చేసింది. బ్రయన్ మే ఎనిమిది పౌన్లలో ఆ పొయ్యిగూటి చెక్క లేదు, వాళ్ల నాన్న రెండేళ్ల సాయంత్రాలూ లేవు.

ఆవిడ కలం నా చేతిలోంచి తీసుకుంది. ‘ఎరువుల కొట్టు లెక్కలు మానేశారుగా?’

ఆదివారాలు ఆ కొట్టు జీఎస్టీ లెక్కలు చూస్తే నెలకి 2,500 వచ్చేది. దూలం కోయించిన నెలలోనే, తీరిక లేదని మానేశాను. పద్నాలుగు నెలలు. పక్కన 35,000 వేసి, కూడి, కింద గీత గీసి 88,400 రాసింది. ఆ అంకె పక్కన నేను సంతకం చెయ్యలేదు గానీ కొట్టెయ్యనూ లేదు.

పోయిన డబ్బు నోటుబుక్కులో రాసుకుంటాం. రాకుండా పోయిన డబ్బుకి మా మిల్లు ఆవర్జాలో కూడా గడి లేదు. మన చేత్తో చేసుకున్న వస్తువు చవగ్గా కనిపించేది సగం ఈ కారణానే అని నా అనుమానం. ఇలా అంటే నా తోటివాళ్లు కొందరు, ఆదివారానికి కూడా కూలీ కడతావా అని నవ్వుతారు. ఊరికే కూర్చునే ఆదివారానికి కట్టను. నాది డబ్బులొచ్చే ఆదివారం.

అయినా దుకాణం వాయిదాలు తీసుకోనందుకు చింత లేదు. నేను పెట్టిన 47,400ని పద్నాలుగుతో భాగిస్తే నెలకి 3,400 దాకా వస్తుంది, దాదాపు వాయిదా కట్టినట్టే. కాకపోతే పిల్ల ఫీజు కట్టిన నెలా, మా అమ్మకి కంటి ఆపరేషన్ అయిన నెలా ఒక్క రూపాయి ఖర్చుపెట్టలేదు. చెక్క క్లాంపుల్లో అలాగే పడి ఉంది, ఎవరూ ఫోను చేసి అడగలేదు. వాయిదా అయితే అయిదో తారీఖున ఫోను మోగేది. నూటికి రూపాయిన్నర కంటే నాకు ఆ ఫోనంటేనే ఎక్కువ భయం.

అమ్మితే ఏమొస్తుందని మా ఆవిడ ఒకసారి అడిగింది. తలమీద కంపెనీ పేరు లేని గిటారుకి ఎవరిస్తారు? బంగారమైతే తాకట్టుకైనా పనికొచ్చేది అంది. అందులోనూ తప్పులేదు. ఇంటికెవరైనా వస్తే గిటారుని ఆవిడ ఎనభై ఎనిమిది వేల నాలుగొందలది అనే పరిచయం చేస్తుంది.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చి, ‘మావయ్యా, నాకూ ఒకటి చేసిపెట్టవూ, సామాన్ల డబ్బులిచ్చేస్తాను’ అన్నాడు. సామాన్ల డబ్బులు! కూర్చోబెట్టి కాగితం తీశాను. పనిముట్లు ఉన్నాయి, ఈసారి పాడు చెయ్యను. సామాన్లు, పాలిష్, కోత, మేస్త్రీ కలిపి 29,100. నూట ఎనభై గంటల పని, గంటకి 120 చొప్పున 21,600. మొత్తం 50,700.

‘షాపులో 45 వేలే కదా మావయ్యా!’

కొనుక్కోరా, అయితే రొక్కమిచ్చి కొనుక్కో అన్నాను. మూడు నెలలు దాచుకుని కొనుక్కున్నాడు. వారం తిరక్కుండా పట్టుకొచ్చాడు, తీగలు మెట్లకి మరీ ఎత్తుగా ఉన్నాయని. ఆకురాయి తీసి, గుర్రం కొంచెం దించి, రెండు మెట్లు రాసి ఇచ్చాను. ముప్పావుగంట పని. వద్దన్నా వినకుండా మూడొందలు టేబుల్ మీద పెట్టి వెళ్లాడు.

నోటుబుక్కు తీశాను. జమ వైపు అదే మొదటి పద్దు.