గడియ వేసిన తలుపు

ఇంటిలో నెవరికైన జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారికి చెప్పుకొందుము. కాలు విరిగినచో పదిమందిని పిలుతుము. మనస్సునకు జబ్బు చేసినచో మాత్రము తలుపు మూయుదుము. మా యింటను అట్లే జరిగినది.

మేము ఉప్పలులో ఉమ్మడి కుటుంబముగ నున్నాము. మా మరిది నాచారము పారిశ్రామికవాడలో కార్మికుడు. మా తోడికోడలు రెండవ కానుపైన పదునైదు దినములకు నిద్ర మానినది. బిడ్డ యేడ్చినను పట్టించుకొనదు. ఎవరో పిలుచుచున్నారని నడిరేయి వాకిటికి పోవును. బాలింతకు గాలి సోకినదని మేము తాయెత్తులు కట్టించితిమి. బిడ్డను మా గదిలోనికి తెచ్చుకొని, ఆమె గదికి వెలుపల గడియ వేసితిమి. “అక్కా, నా బిడ్డను తీసుకపోకు” అని యామె తలుపు కొట్టుచుండగా మేము వంటయింట చెవులు మూసుకొంటిమి. ఇరువది దినములిట్లు గడచినవి.

డబ్బు లేక యాగితిమా యనిన, కాదు. మా మరిది జీతమునుండి నెలనెల ఇ.ఎస్.ఐ.కి కొంత పోవుచునే యున్నది. 1948 నాటి చట్టముతో పుట్టిన పథకమది. 2019 జూలై మొదలు నూరు రూపాయల జీతమునకు కార్మికుడు 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు చెల్లించుచున్నారు. దానిచే భార్యాబిడ్డలకును వైద్యము లభించును. నాచారముననే దాని ఆసుపత్రియు కలదు. ఆ కార్డు మా పెట్టెలో భద్రముగ నున్నది. అది జ్వరములకును గాయములకును మాత్రమేయని తలచితిమి. అంతకంటె, చీటిపై జబ్బు పేరు వ్రాసినచో నలుగురికి తెలియునని జంకితిమి.

తుదకామె అన్నము మానగా ఒక ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. కానుపు తరువాత కొందరికి వచ్చు జబ్బిదియనియు, నయమగుననియు, ఆలస్యము చేసినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయమనియు వైద్యురాలు చెప్పెను. “బిడ్డను ఇక తల్లికి చూపకుందుము” అని మేమనగా ఆమె వారించెను. 2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, చికిత్సాలయమున నున్న తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగ వేరుచేయరాదు. అపాయము తోచి తాత్కాలికముగ వేరుచేసినను, ఒకరి పర్యవేక్షణలో తల్లికి బిడ్డను చూపుచుండవలెను. 15 దినములకొకసారి ఆ నిర్ణయమును మరల పరిశీలింపవలెను. రోగిని గొలుసులతో కట్టుటను ఆ చట్టమే నిషేధించినది. దేహవ్యాధులవలెనే మనోవ్యాధులకును బీమా వర్తింపజేయవలెనని బీమా సంస్థలను శాసించినది.

బిడ్డను కాపాడుట మా తప్పు కాదు. తల్లిని వైద్యమునకు దూరము చేయుటయే తప్పు. నాటినుండి మా అత్తగారు ప్రతిదినము బిడ్డను తీసికొనిపోయి, దగ్గర కూర్చుండి, తల్లి యొడిలో పెట్టుచుండిరి. రెండు మాసములకు మా తోడికోడలు ఇంటికి వచ్చి బిడ్డకు తానే నీళ్లు పోసినది. ఆ సాయంకాలమే మా మరిది గడియను ఊడదీసెను. మేకుల గుర్తులు తలుపుపై నేటికి నున్నవి.

ఎవరికి చెప్పుకొందుమని సందేహింపవలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై ఇంటినుండియే ఉచితముగ ఫోను చేయవచ్చును. చట్టము ఆసుపత్రి గుమ్మము వరకే వచ్చును; మన యింటి గడియ తీయవలసినది మనమే.